అంగట్లో అనకూడని మాట

మా అంగట్లో ‘లేదు’ అనే మాట ఎవరి నోటా రాకూడదు. ఆత్మకూరు బజారులో మా మామగారు అంగడి తెరిచిన నాటి నుంచీ అదే పద్ధతి. ఎవరైనా వచ్చి జీడిపప్పు అడిగితే, డబ్బా ఖాళీగా ఉన్నా సరే, లోపల ఉంది, రేపు పొద్దున తీసిపెడతాను అనాలి. ‘లేదు’ అంటే లక్ష్మి అలిగి వెళ్లిపోతుందని మా నమ్మకం. మా అమ్మాయి శ్రీవిద్య ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి ఎవరికో లేదని చెప్పేస్తే నెత్తిన మొట్టికాయ వేశాను. నాకు కోపం ఎక్కువలెండి. ఆ పిల్ల మళ్లీ ఆ మాట అనలేదు.

ఆ అలవాటే దాని కొంప ముంచింది. నెల్లూరులో ఇంజనీరింగ్ పూర్తిచేసి రెండు కంపెనీల ఇంటర్వ్యూలకు కూర్చుంది. తెలియని ప్రశ్న అడిగితే తెలియదని చెప్పదే! పక్క విషయం ఏదో ఎత్తుకుని గడగడా చెప్పేసింది. రెండూ పోయాయి. రెండో కంపెనీ వాళ్లు ఆ సంగతే మెయిల్లో రాశారట. అది చదివి, ఇదంతా మన అంగడి బుద్ధేనమ్మా అంది. అంగడి తిండి తిని అంగడినే అంటావా అని నేను రెండు రోజులు దానితో మాట్లాడలేదు.

మూడోది హైదరాబాదు కంపెనీ. అన్ని రౌండ్లూ దాటింది, ఆఖరిది మిగిలింది. ఇదీ పోతే కలిగిరిలో ఒక ప్రైవేటు బళ్లో టీచరుగా చేరతానని వాళ్ల నాన్నకు మాటిచ్చింది. 

ఇంట్లో కరెంటు పోతే నెట్ కూడా పోతుంది. అంగట్లో బిల్లింగ్ కంప్యూటర్ కోసం ఇన్వర్టర్ ఉంది కాబట్టి, వెనక గోడౌన్లో కందిపప్పు బస్తాల మధ్య కుర్చీ వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. పదకొండు గంటలకు తెర మీద సుజన అనే ఆవిడ కనిపించింది. నేను గడప అవతల కర్టెన్ చాటున నిలబడ్డాను.

అంతా ఇంగ్లీషే. నాదేమో పదో తరగతి ఇంగ్లీషు. కానీ నా కూతురు మాట్లాడుతుంటే నోరు తెరుచుకుని ఉండిపోయాను. పొద్దున చట్నీలో ఉప్పెక్కువైందని గొడవపడిన పిల్లేనా ఇది? ఇన్నేళ్లూ ఇదంతా ఎక్కడ దాచుకుంది?

అరగంట తర్వాత ఆవిడ ఏదో అడిగింది.  శ్రీవిద్య, “ఐ డోంట్ నో” అంది. ఆ మొత్తం ఇంటర్వ్యూలో నాకు పూర్తిగా అర్థమైన మాట అదొక్కటే. అయిపోయింది, ఇదీ పోయిందనుకున్నాను. ఆగలేకపోయాను. కర్టెన్ లాగి లోపలికి వెళ్లి, “దానికి తెలుసు మేడం. రెండు నిమిషాలియ్యండి, చెప్తాది” అన్నాను.

శ్రీవిద్య ముఖం పాలిపోయింది. గదిలో ఇంకొకరు ఉండకూడదట, ఉంటే ఇంటర్వ్యూ రద్దట. నేనెవరో సుజన గారు అడిగి, గదంతా కెమెరాలో చూపించమన్నారు. బస్తాలూ నేనూ తప్ప అక్కడేముంది! చూసి, తెలుగులోకి దిగారు.

“మీ అమ్మగారు తెలుసంటున్నారు. మీరు తెలియదంటున్నారు. ఏది నిజం?”

శ్రీవిద్య నా వైపు చూసింది. నేను కళ్లతోనే బతిమాలాను, తెలుసని చెప్పవే అని.

“మా అమ్మ చెప్పింది నిజం కాదు మేడం. నాకు తెలీదు. కానీ ఎట్లా కనుక్కోవాలో చెప్తాను.”

అక్కడి నుంచి ఇద్దరూ సగం తెలుగులో మాట్లాడుకున్నారు. ఏదో యాప్‌లో రోజూ మధ్యాహ్నం ఆర్డర్లు ఆగిపోతున్నాయట. ఎందుకన్నదే ఆవిడ ప్రశ్న. నా కూతురు ఒక కారణం చెప్పేది, దానికి ఏం చూడాలో అడిగేది, ఇది కాదు పక్కన పెడదాం అనేది. పురుగు వాసన వస్తే గోడౌన్లో ఒక్కో బస్తా విప్పి చూసినట్టే వెతికింది. ఒకచోట తను చెప్పిందే తప్పని తనే కొట్టేసింది, కొంచెం కూడా సిగ్గుపడలేదు. పాతిక నిమిషాలకు దొరికింది. మధ్యాహ్నం పూట బ్యాకప్ తీసే ఇంకో ప్రోగ్రాం ఆర్డర్ల డేటాను పట్టుకుని కూర్చుంటోందట.

సుజన గారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. “ఇది మా దగ్గర నిజంగా జరిగింది. మేం కూడా ఇట్లాగే వెతికాం. మాకు రెండు రోజులు పట్టింది” అన్నారు.  నా కడుపున పుట్టిన పిల్ల, నా కళ్ల ముందే, నేను చేయి పట్టుకుని తీసుకెళ్లలేని చోటికి ఒంటరిగా వెళ్లి వచ్చింది.

సోమవారం మెయిల్ వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. నేను ఏడుస్తూనే, మధ్యలో దూరి నీ కొంప ముంచబోయానే అన్నాను. తిడుతుందనుకున్నాను.

“నువ్వు రాకపోయుంటే తెలీదని చెప్పేసి ఊరకుండిపోయేదాన్నిమా. నువ్వు తెలుసన్నావు కదా, అందుకే వెతికినాను” అంది.