ఎనిమిది మూలల అద్దం

నేను ఒక సూక్ష్మదర్శినిని. ఆ మాట చెప్పుకోవడానికి చాలాకాలం మొహమాటపడ్డాను. కంటికి ఆనని వాటిని చూపించడం నా పని. పుట్టిన పదకొండేళ్ల దాకా నేను ఒక్క దారప్పోగు తప్ప ఎవరికీ ఏమీ చూపించలేదు.

అంబాలాలో ఒక ఇరుకు వర్క్‌షాపులో నన్ను బిగించారు. ఇనుప పాదం, ఇత్తడి గొట్టం, ఇనుప మరలు, కటకాలు, అడుగున వెలుగును పైకి పంపే గుండ్రటి అద్దం. బిగించిన ముసలాయన నాలోంచి తన చొక్కా దారం ఒకటి చూసుకుని తలూపి పెట్టెలో పెట్టాడు. ఆ తర్వాత రైలు, లారీ, చివరికి మిరపచేల మధ్య ఒక ప్రాథమికోన్నత పాఠశాల. వచ్చిన రోజున నాకు కుంకుమబొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. వెంటనే బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒక వస్తువు మీద గౌరవం మరీ ఎక్కువైతే మనుషులు దాన్ని వాడరు.

హెడ్మాస్టరు కోటిలింగం గారు చెడ్డవారేమీ కారు. స్టాకు రిజిస్టరులో నా పేరు ఎదుట ఆయన సంతకం ఉంది, అంతే. నాకేమైనా అయితే జవాబు చెప్పాల్సింది తనేనని ఆయన బెంగ. ఏడాదికోసారి బీరువా తెరిచి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ తాళం వేసేవారు. పక్క గదిలో ఆయన కణం పాఠం చెబుతుంటే నాకు గోడ గుండా వినిపించేది. బోర్డు మీద సుద్దముక్క గుండ్రంగా తిరిగిన చప్పుడు, పిల్లలు దాన్ని చూసి రాసుకుంటున్న చప్పుడు.

పదకొండో ఏడు జూన్‌లో సలోమి టీచర్ బదిలీ మీద వచ్చారు. సైన్సు చెప్పడానికి ఏమేం కావాలని హెడ్మాస్టరు గారు అడిగారు. ల్యాబ్ కట్టించమంటారేమోనని ఆయన భయం. ఆవిడ మూడే అడిగారు. కిటికీ పక్కన ఒక బల్ల, రెండు బకెట్ల నీళ్లు, బీరువాలో ఉన్న నేను. మొదటి రెండూ ఆ సాయంత్రానికే వచ్చాయి. నా సంగతి తేలడానికి ఐదు నెలలు పట్టింది. వారానికోసారి ఆవిడ అడిగేవారు, పిల్లలు పాడుచేస్తారని ఆయన అనేవారు. ఈలోగా ఆవిడ తరగతిని బడి వెనకాల చేలగట్టుకు తీసుకెళ్లి ఆకులు, పురుగులు, మట్టి చూపించేవారు. చూసి వచ్చాకే పుస్తకం తెరవనిచ్చేవారు. చివరికి నవంబరులో ఒక ఉదయం కోటిలింగం గారు నన్ను పసిబిడ్డను అందించినట్టు ఆవిడ చేతుల్లో పెట్టారు.

ఎనిమిదో తరగతిలో నలభై ఒక్కమంది. నేను ఒక్కదాన్ని. ఉల్లిపొర ఎవరిది వారే ఒలవాలి, గాజుపలక మీద ఎవరిది వారే పరచాలి, చూసింది చూసినట్టు గీయాలి, పుస్తకంలోని బొమ్మ చూసి గీయకూడదు. అదీ టీచర్ పెట్టిన షరతు. వరసలో మొదటివాడికి తన కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. నిజాయితీగా అవే గీశాడు. టీచర్ దానికీ టిక్కు పెట్టి, కన్ను ఎలా ఆనించాలో చెప్పి మళ్లీ చూడమన్నారు.

పన్నెండోది సైదాబీ. ఆ పిల్ల వంగేసరికి మబ్బు పట్టి వెలుగు తగ్గింది. టీచర్ నేర్పినట్టే అద్దాన్ని కిటికీ వైపు తిప్పబోయింది. అద్దం ఊడి చేతిలోకి వచ్చి, నేల మీద పడి మూడు ముక్కలైంది. వెనకనుంచి ఎవరో, "టీసీ ఇచ్చి పంపించేస్తారు," అన్నారు. మర్నాడు సైదాబీ బడికి రాలేదు. ఆ వారమంతా రాలేదు.

టీచర్ దాచలేదు. ఆ మధ్యాహ్నమే నన్ను హెడ్మాస్టరు గారి బల్ల మీద పెట్టి, అద్దం మరను వేలితో చూపించారు.

"పిల్ల పగలగొట్టలేదు సార్. మరను తుప్పు తినేసింది. బీరువాలో ఉండి ఉండి పాడైంది."

కోటిలింగం గారు ఆ తుప్పును చాలాసేపు చూశారు.

శనివారం బడి వదిలాక టీచర్ నన్ను తువ్వాలులో చుట్టి సైదాబీ ఇంటికి తీసుకెళ్లారు. వాళ్ల నాన్న కాశింవలి పటాలు కడతాడు. వీధి వసారాలోనే దుకాణం. వేంకటేశ్వరస్వామి, మక్కా, శిలువ మీది ఏసు, ఎవరో పెళ్లి ఫొటో, అన్నీ ఒకే గోడకు ఆనుకుని జిగురు ఆరబెట్టుకుంటున్నాయి. టీచర్‌ను చూడగానే సైదాబీ లోపలికి పరిగెత్తింది. కాశింవలి లేచి చేతులు కట్టుకున్నాడు.

"తప్పు జరిగిపోయింది టీచరమ్మా. ఇంక బళ్లో ఉంచరంట గదా. సోమారం నుంచి వాళ్లమ్మతో మిరపకోతలకి పంపిద్దామనుకుంటన్నా."

టీచర్ తువ్వాలు విప్పి నన్ను అతని పనిబల్ల మీద నిలబెట్టారు. అద్దం ఉండాల్సిన ఖాళీ చోటు చూపించి, ఇంత అద్దం కోయగలరా అని అడిగారు.

కాశింవలి భయం మరిచిపోయాడు. పనివాడు కదా. నన్ను అటూ ఇటూ తిప్పి, వేళ్లతో కొలుచుకున్నాడు.

"గుండ్రంగా కొయ్యటం నాకు రాదమ్మా. ఎనిమిది మూలలయితే కోస్తా."

చాలన్నారు టీచర్. అతను అద్దం పరిచి గీత పెట్టి విరవడం మొదలుపెట్టాడు. సైదాబీ ముందు గుమ్మంలోకి, తర్వాత బల్ల దగ్గరికి వచ్చింది. టీచర్ ఆ పిల్ల చేతికి కొత్త మర ఇచ్చి బిగించమన్నారు. బిగిస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"నాకు టీసీ ఇవ్వరా టీచర్?"

"ఎందుకిస్తానే? వెలుగు తగ్గితే అద్దం తిప్పమన్నాను. తిప్పింది నువ్వొక్కదానివే. తుప్పుపట్టింది మర. నీ తప్పు ఇంత కూడా లేదు."

సైదాబీ అప్పుడు ఏడ్చింది. ఆరు రోజులుగా బిగబట్టుకున్న ఏడుపు. కాశింవలి అటు తిరిగి, బల్ల మీద లేని గాజుపొడిని చాలాసేపు ఊదాడు.

సోమవారం కోటిలింగం గారు తరగతికి వచ్చారు. నా కొత్త అద్దాన్ని తడిమి చూశారు. తర్వాత, తనూ ఒకసారి చూడవచ్చా అని టీచర్‌ను నెమ్మదిగా అడిగారు. పిల్లలు దారి ఇచ్చారు. కళ్లజోడు తీసి వంగారు. ఎంతకీ లేవలేదు.

"ముప్పై ఏళ్లుగా కణాలంటూ బోర్డు మీద గుండ్రాలు గీశానమ్మా," అన్నారు చివరికి. "ఇవి గోడలో ఇటుకల్లా ఉన్నాయి."

పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వారు. పదకొండేళ్లుగా ఆ మనిషిని దగ్గరనుంచి ఎరుగుదును. అంత తేలిగ్గా ఊపిరి వదలడం ఎన్నడూ చూడలేదు. నాకూ బరువు దిగినట్టయింది. ఇక నన్ను ఎవరూ కాపాడనక్కర్లేదు.

తర్వాత సైదాబీ వంతు. ఉల్లిపొర పరిచి, అద్దం వెలుగుకు తిప్పి, కన్ను ఆనించింది. వెనక ఇంకా ఇరవైతొమ్మిదిమంది ఉన్నారు. ఏం కనిపిస్తోందని టీచర్ అడిగారు. ఆ పిల్ల తలెత్తలేదు.

"ఉండండి టీచర్. ఇంకా చూస్తన్నా."

అన్నం గంట కొట్టారు. వరసలోంచి ఒక్కరూ కదల్లేదు.