మూడో జాయింటు

అక్క తమ్ముడి సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు పెట్టింది. ఇంకేదో మర్చిపోయానని మూడోసారి మొత్తం బయటికి తీసింది. తెల్లవారితే తమ్ముడి ప్రయాణం. ఏడాదిగా సొంతంగా కట్టుకుంటున్న నీళ్ల లారీతో, కొత్త రోడ్డు వేస్తున్న రాళ్ల గుట్టలకు పోతున్నాడు.

"అక్కా, సంచి ఎక్కడికీ పోదు గానీ, ముందు షెడ్డుకి రా" అని కేకేశాడు.

ఆ షెడ్డులో నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. ఇరుసును పట్టి ఉంచే రాడ్లకు ఏ జాయింట్లు వెయ్యాలో తేల్చేముందు, పని తెలియని మనిషిని కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగించాలి. ఆ మనిషి దగ్గర ప్రశ్నలు అయిపోయాకే బోల్టు బిగించాలి.

బల్ల మీద మూడు జాయింట్లున్నాయి. అక్క కళ్లజోడు సవరించుకుంది. తమ్ముడు పోతున్నాడన్న భయం భయమే, ఆరా ఆరాయే.

"ఈ రబ్బరుదేంట్రా?"

"బుష్. చప్పుడు చెయ్యదు, దుమ్ముకి బెదరదు. కానీ ఒక చక్రం బండ మీద, ఇంకోటి గుంటలో ఉంటే ఆ మెలికి చిరిగిపోతుంది."

"అయితే దానికో దణ్ణం. ఇదో?"

"స్టీలు గుండు. ఎటు కావాలంటే అటు తిరుగుతుంది."

"అచ్చం నీలాగే."

"చాల్లే! ఆ దుమ్ములో ఏడాదికే అరిగి లొడలొడలాడుతుంది. అప్పుడు ఇక్కడికే వచ్చి, గుండును నొక్కి దింపే మన ప్రెస్సు మీద మార్చుకోవాలి."

ఏడాదికోసారి. ఇక్కడికే. అక్కకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. అయినా అడిగింది.

"మరి మూడోది?"

"అదీ గుండే. చుట్టూ ప్లాస్టిక్ గిన్నెలు, గ్రీజు పెట్టడానికి బెజ్జం. గిన్నెలు అరిగితే దారిలో నేనే మార్చేసుకుంటా."

"ఇక్కడికి రానక్కర్లేదా?"

"అక్కర్లేదు."

అక్క మళ్లీ రెండోదాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఇది అరిగింది చూసుకోలేదనుకో. ఏమవుతుంది?"

తమ్ముడు తల గోక్కున్నాడు. "విరగొచ్చు. ఇరుసు పక్కకి తన్నేస్తుంది, లారీ పల్టీ కొడుతుంది."

"ట్యాంకు నిండా నీళ్లుండగానా?"

"బరువున్నప్పుడేగా విరిగేది!"

తమ్ముడు స్పానరు అందుకున్నాడు.

"ఏది వెయ్యమంటారు, ఇంజనీరమ్మగారూ?"

రెండోదని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"మూడోదే వెయ్యిరా."

ఆ జాయింట్లు ఎక్కడా మొండికెయ్యలేదు. గిన్నెలు దారిలోనే మార్చుకున్నానని ఉత్తరాలు రాసేవాడు. ఆ రోడ్డు పూర్తయ్యాక ఇంకో రోడ్డు, అది కాగానే మరొకటి. తొమ్మిదో ఏడు ఉత్తరాలూ ఆగిపోయాయి. ఆ జాయింట్లు బిగించిన మర్నాడే, మార్చి పదకొండు, మంగళవారం పొద్దున ఏడింటికి తమ్ముడు వెళ్లాడు. మళ్లీ రాలేదు.