ప్రచురణకు ఉచితమా?

భాషాశాస్త్రం చెప్పే లెక్చరరమ్మకు బరువైన మాట ఒకటి వాడనిదే ముద్ద దిగదు. చదివేవాళ్లూ రాసేవాళ్లూ చిల్లిగవ్వ ఇవ్వక్కర్లేని పరిశోధన పత్రిక పెట్టాలని పదేళ్లుగా ఆవిడ కల. చివరికి యూనివర్సిటీ లైబ్రరీ దారిచ్చింది. సర్వరూ వెబ్‌సైటూ తామిస్తామని, నెలాఖరుకల్లా నిపుణులు సరేనన్న వ్యాసాలు ఐదు చూపించాలని, లేదంటే ఆ చోటు ఇంకో విభాగానికి పోతుందని లైబ్రేరియన్ మొహమాటం లేకుండా చెప్పాడు.

తొమ్మిది వ్యాసాలొచ్చాయి. రచయితల పేర్లు తీసేసి నిపుణులకు పంపింది. వెంట పెట్టిన ఫారంలో ప్రశ్న ఒక్కటే: "ఈ వ్యాసం ప్రచురణకు ఉచితమా?" కింద కారణం రాయడానికి రెండు గీతలు. తగినదా అని అడిగితే సరిపోయేది. ఆవిడ అలా అడిగే మనిషి కాదు.

మూడు రోజుల్లో తొమ్మిదీ తిరిగొచ్చాయి. తొమ్మిదింటికీ అవుననే జవాబు. ఆవిడ కాళ్లు నేల మీద నిలవలేదు. వంటింట్లో కూరలు తరుగుతున్న అత్తగారికి వరసపెట్టి చదివి వినిపించింది. పత్రికంటే సీరియళ్లుంటాయనుకునే మనిషే గానీ, అత్తగారి చెవులు మహా చురుకు.

"ఉచితమే. రచయిత దగ్గర రుసుము తీసుకోరని వెబ్‌సైటులో చూశాను" అని ఒక నిపుణుడి మాట చదివేసరికి కత్తి ఆగింది.

"ఏమ్మా, ఊరికే వేస్తారా అని అడిగావా, బాగుందా అని అడిగావా?"

కోడలు చదవడం ఆపి మిగతావి ముందేసుకుంది. ఫారాలన్నీ తిరగేస్తే అందరిదీ అదే పాట. ఒకప్పుడు తనకు పాఠాలు చెప్పిన పెద్ద మాస్టారైతే, "నిస్సందేహంగా ఉచితమే. నన్నెందుకు అడిగారో బోధపడలేదు" అని రాశారు.

ఆ కాగితాలు అలాగే లైబ్రరీలో ఇచ్చేస్తే అడిగే నాథుడు లేడు. ఆ సంగతి తెలిసే కాసేపు వాటి ముందు కూర్చుంది. ఏడుపు కూడా వచ్చింది. చివరికి ముక్కు తుడుచుకుని అందరికీ మళ్లీ రాసింది: "వ్యాసం బాగుందా? వేయవచ్చా?"

ఈసారి అందరూ నిజంగానే చదివారు. ఐదింటిని ఏకిపారేశారు. నాలుగు మిగిలాయి, గడువుకు వారం ఉంది.

ఐదోది తనే రాసింది. ఒక్క మాట, రెండర్థాలు, తన కొంప ఎలా మునిగిందో అందులో దాచకుండా చెప్పింది. తన రాతకు తనే తీర్పు చెప్పకూడదు గనుక, పేరు తీసేసి ఎవరికైనా పంపమని లైబ్రేరియన్‌ను బతిమాలింది. అతను కాస్తా పెద్ద మాస్టారికే పంపాడు. అందులో మొదటి ఉదాహరణ ఆయన రాసిన వాక్యమే.

నెల ఆఖరి రోజున లైబ్రేరియన్ ముసిముసిగా నవ్వుతూ ఫారం చేతికిచ్చాడు. మాస్టారి వంకర అక్షరాలు ఆ రెండు గీతలూ దాటి అంచుదాకా పాకాయి.

"వేయవచ్చు. మొదటి ఉదాహరణలోని తెలివితక్కువవాణ్ణి నేను బాగా ఎరుగుదును. ఈ వ్యాసం ఉచితమే, రెండర్థాల్లోనూ."