ఎదుబికా కిత్తనార

కరీబియన్ సముద్రంలోని బొనైర్ దీవిలో, ఉత్తరపు కొండవాలులో నూటపదకొండు కిత్తనార మొక్కలున్నాయి. ఎదుబికా అనే ముసలామె వాటి నారతో తాళ్లు పేని బతుకుతుంది, దుంపలు కాల్చుకు తింటుంది. పూల కాడ తలెత్తిన వారంలోనే నరకడం ఆ ఇంటి పద్ధతి. పూస్తే దుంపలో తీపి పోతుంది, మొక్క చస్తుంది.

ఆ ఏడు కొండను రక్షిత అడవి చేశారు. స్థానిక మొక్కలు ఉంటాయి, మిగతావి పీకేస్తారు. ఏది ఏదో తేల్చడానికి ఫ్లోరిస్ అనే వృక్షశాస్త్రవేత్త వచ్చాడు.

"పువ్వు చూడందే జాతి చెప్పలేను. ఒక్కదాన్ని పూయనివ్వండి, అవ్వా."

"మా అమ్మ ఉంటే నా చెయ్యి విరిచేది," అంటూనే ఒకటి వదిలింది.

"చావబోయే మొక్కకి పెళ్లిచూపులా, అక్కా?" అన్నాడు పక్కింటి మేకల చింతో.

కాడ పద్దెనిమిది అడుగులు లేచింది. పూలు రాలాయి. కాయ ఒక్కటీ కట్టలేదు, కాడ నిండా పిలకలే వచ్చాయి.

"గింజే లేదు. మరి సముద్రం ఎలా దాటింది?" అన్నాడు ఫ్లోరిస్.

"పడవలో! మా పూర్వీకులు అవతలి గట్టు నుంచి తెచ్చారు. రా, చూపిస్తా."

మొక్కల వరుస పక్కన తవ్వింది. ఆ పూర్వీకులు తిన్న శంఖాల చిప్పలు, దుంపలు కాల్చిన రాళ్లు బయటపడ్డాయి. "జానెడు వేరు మిగిలితే చాలు నాయనా, మళ్లీ లేస్తుంది. అందుకే ఇన్నాళ్లూ ఉంది," అంది. ఫ్లోరిస్ అదీ రాసుకున్నాడు.

వానలయ్యాక జాబితా వచ్చింది. చింతో చదివి వినిపించాడు. "మనుషులు తెచ్చిన మొక్క. స్థానికం కాదు."

"వెయ్యేళ్ల కింద తెచ్చార్రా!"

"ఎప్పుడని కాదక్కా, ఎవరు తెచ్చారని అడిగారు. నా మేకల గురించీ అడిగారు. కొండే వాటిని కన్నదన్నాను. నీకేమో వంశచరిత్ర కావాల్సొచ్చింది."

ఫ్లోరిస్ ఉత్తరం రాశాడు. ఈ రకం మరెక్కడా లేదనీ, దానికి ఆమె పేరే పెట్టాననీ, ఎండబెట్టిన ఆకు ఒకటి ప్రదర్శనశాలలో ఉందనీ.

ఆరుగురు కూలీలు వచ్చారు. మేస్త్రీ ఆమెనే అడిగాడు. "పైన నరికితే సరిపోతుందా, అవ్వా?"

"సరిపోతుంది. మళ్లీ రాదు."

అతను జేబులోంచి కాగితం తీశాడు. "జానెడు వేరున్నా లేస్తుందని ఇందులో ఉందే. చెప్పింది మీరేనట."

గడ్డపారలు అందుకున్నారు. మోకాలి లోతు తవ్వారు. మధ్యాహ్నానికి నూటపది గుంతలయ్యాయి. పూసినది అప్పటికే ఎండిపోయి ఉంది. దాన్ని పిలకలతో సహా చేత్తో లాగేశారు.