మొక్కు పలక మీద గడ్డి మోపులు

ఆగస్టు నెలలో ఇటలీలోని మోదెనా చుట్టుపక్కల పల్లెలకు వచ్చేవాళ్ళు ముక్కు ఇంట్లో పెట్టి రావడం మంచిది. నార కోసం గుంటల్లో నానబెట్టిన జనుము కంపు ఇంట్లో, ఒంట్లో, ఆదివారం చేసుకునే సూపులో కూడా ఉంటుంది. ఆ గుంటలో నడుం లోతు నీళ్ళలో నిలబడి, తొక్కిపెట్టిన రాళ్ళు తీసి, జనుము కట్టలు పైకి లాగే పని వాస్కోది. అతని భార్య దెర్నాది మాత్రం రంగుల పని. మంగలి షాపు బోర్డు నుంచి పెట్రోలు బంకు అక్షరాల దాకా ఆ రోడ్డు మీద కనిపించే రాతలన్నీ ఆమె చేతివే.

బోర్డులు పొట్టకూటికి. ఆమెకు పేరు తెచ్చింది మొక్కు పలకలు. చావు అంచు దాకా వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు, అది ఎలా తప్పిందో చెక్క మీద బొమ్మ వేయించి మేరీమాత చర్చి గోడకు తగిలిస్తారు. పై మూలన మబ్బులో మాత, కింద ప్రమాదం, అడుగున పేరూ తేదీ. ఆ పని ఆమెకు తండ్రి ఎర్మేతె నేర్పాడు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. జరిగింది జరిగినట్టు వెయ్యాలి. మాత అక్కడే ఉండి చూసింది కదా, చూసినదానికే అబద్ధం చెబుతామా అనేవాడు. ఒక రైతు తాగి మల్బరీ చెట్టు మీంచి పడి, గుర్రం మీంచి పడ్డట్టు వెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఎర్మేతె చెట్టూ వేశాడు, రైతు చేతిలో సీసా కూడా వేశాడు. ఆ పలక ఇప్పటికీ గోడ మీదే ఉంది. మనవలు పెళ్ళిళ్ళప్పుడు చూసి పడీపడీ నవ్వుతారు.

ఆ ఆగస్టులో ఒక ఉదయం దెర్నా కొట్టు ముందు పెద్ద నల్ల కారు ఆగింది. సాసేజీల కార్ఖానా యజమానురాలు ఇనెస్ బొన్‌ఫత్తి దిగింది. వెనకాల కర్ర ఊతంతో ఆమె కొడుకు లేయార్కో దిగాడు. అతన్ని దెర్నా చూడగానే గుర్తుపట్టింది.

"నువ్వేనా ఎర్మేతె కూతురివి? మా మామగారిని ఎద్దు పొడిచినప్పుడు మీ నాన్నే పలక వేశాడు."

"అవును సిన్యోరా. బొమ్మలో ఎద్దు బాగానే వచ్చిందట, తనే లావుగా వచ్చానని మీ మామగారు గొడవ చేశారని చెప్పేవాడు నాన్న."

"లావే ఆయన. అమ్మినదానికంటే తిన్నది ఎక్కువ." ఇనెస్ కుర్చీ దులుపుకుని కూర్చుంది. "సెప్టెంబరు ఎనిమిది, మాత పుట్టినరోజు పండక్కి గోడ మీద ఉండాలి నా పలక. రాసుకో. ఎర్ర కారు. నంబరు నాలుగు వందల పన్నెండు. తెల్లారి నాలుగూ పన్నెండుకి బ్రెష్యాలో కార్ల పందేనికి బయల్దేరాడు కదా, అందుకు ఆ నంబరు. మలుపు, గుంట, పైన మాత. మలుపులో కార్లకు అడ్డుగా పెట్టే గడ్డి మోపులు వరసగా ఉండాలి, వాటి మీంచి కారు ఎగురుతూ ఉండాలి."

"మోపులు లేవమ్మా" అన్నాడు లేయార్కో, రంగు డబ్బాల వైపు చూస్తూ.

"మళ్ళీ మొదలెట్టావా?"

"రెండు మోపుల మేర ఖాళీ ఉంది. నేను చూశాను."

ఇనెస్ సంచీలోంచి ఒక కాగితం తీసి దెర్నా ముందు పడేసింది. వెయ్యి మైళ్ళ పందెం నడిపే కమిటీవాళ్ళు రాసింది. మలుపులో మోపులన్నీ ఉన్నాయి, ఫోటో కూడా ఉంది. డ్రైవరు మితిమీరిన వేగంతో వాటి మీంచి ఎగిరిపోయాడు. పైగా లేని ఖాళీ కనిపించిందని వాదిస్తున్నాడు. తలకు దెబ్బ తగిలినవాడి మాట కాబట్టి, తల సరిగ్గా ఉందని తేలేదాకా లైసెన్సు ఇవ్వడం కుదరదు.

"పేపర్లో కార్టూన్ కూడా వేశారు" అంది ఇనెస్. "వాడు మళ్ళీ కారెక్కకపోతే నాకు సంతోషమే అనుకో. కానీ నా కొడుకుని పిచ్చోడంటే ఊరుకుంటానా? కమిటీ చెప్పినట్టే ఒప్పేసుకుంటే గొడవ వదుల్తుంది."

లేయార్కో మెల్లగా దెర్నా వైపు తిరిగాడు. "ఏం వెయ్యాలో నాకూ తెలీడం లేదండీ. మూడు నెలలుగా కళ్ళు మూసుకుంటే ఆ ఖాళీయే కనిపిస్తోంది. ఒక్కోసారి నిజంగానే నా తల చెడిందేమో అనిపిస్తుంది. రోడ్డు మీద ఉన్నదేదో లేనిదేదో తెలియనివాడు స్టీరింగ్ పట్టుకోకూడదు. లైసెన్సు ఇచ్చినా నేనే పట్టుకోను."

దెర్నా తల వంచుకుని పలక కొలతలు రాసుకుంది. ఏం రాసిందో ఆమెకే తెలియదు.

మే నెల మొదటి ఆదివారం ఏం జరిగిందో ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. పొద్దుటి నుంచి పల్లె పల్లెంతా రోడ్డు పక్కనే ఉంది. కమిటీవాళ్ళు వచ్చి మలుపుల్లో గడ్డి మోపులు పేర్చి వెళ్తారు, మధ్యాహ్నానికి ఆ మోపులకు కాళ్ళొస్తాయి. ప్రతి ఏడూ ఇదే తంతు. కారు కనబడాలంటే గట్టు మీద కూర్చోవాలి, కూర్చోవాలంటే కింద ఏదో ఒకటి ఉండాలి. తప్పని ఎవరికీ తట్టేది కాదు. "నిలబడి నిలబడి కాళ్ళు పీకేస్తున్నాయయ్యా, ఏదైనా చూడు" అని దెర్నాయే అంది. వాస్కో రెండు మోపులు భుజానేసుకుని వచ్చాడు. ఒకదాని మీద ఆమె, రెండోదాని మీద ఆడపడుచు నోర్మా కూర్చుని రొట్టె, మోర్తదెల్లా సాసేజీ తింటూ, లంబ్రుస్కో వైను తాగుతూ, వచ్చే పోయే డ్రైవర్లకు వంకలు పెట్టారు.

నాలుగు వందల పన్నెండు మలుపులో జారింది. ఖాళీలోంచి తిన్నగా దూరి పక్కనున్న జనుము గుంటలో పడింది. దబ్బుమన్న చప్పుడు, ఆ వెంటనే నిశ్శబ్దం. వాస్కో బూట్లతోనే దూకేశాడు. అందరూ గుంట వైపు పరిగెత్తారు. దెర్నా మాత్రం, ఎవరూ చెప్పకుండానే, తాను కూర్చున్న మోపును ఈడ్చుకుంటూ పోయి మలుపులో పెట్టింది. తిరిగొచ్చి రెండోదీ ఈడ్చింది. వాస్కో ఆ కుర్రాణ్ణి ఒడ్డుకు లాగేసరికి ఖాళీ పూడిపోయింది. చూసినవాళ్ళు చూశారు. కానీ ఆ రోజు ఎవరి కింద మాత్రం మోపు లేదు? అందరూ నోళ్ళు కుట్టేసుకున్నారు. పోలీసులు వచ్చేసరికి వాస్కో తడిబట్టలతో ఇంటికి జారుకున్నాడు. కాపాడినవాడెవరో తెలియదని పేపర్లో వచ్చింది.

ఇనెస్ వచ్చి వెళ్ళిన రోజు మధ్యాహ్నం వాస్కో భోజనానికి వచ్చి, పంపు దగ్గర ఒళ్ళు తోముకుంటుంటే దెర్నా అంతా చెప్పింది.

"వెయ్యకు" అన్నాడు వాస్కో. "వేరేవాడి దగ్గరికి పంపు."

"ఎవడి దగ్గరికి? మోదెనాలో పలకలు వేసేది నేనొక్కదాన్నేగా."

"అయితే ఆ ముసలావిడ చెప్పినట్టు మోపులు వేసెయ్. నీ మాత వచ్చి లెక్కపెడుతుందా?" వాస్కో కమ్యూనిస్టు పార్టీ మనిషి. చర్చి గడప తొక్కింది పెళ్ళినాడే, అదీ మామగారి మొహం చూసి.

వాస్కో కాసేపు పంపు కొట్టాడు, ఆపాడు, మళ్ళీ కొట్టాడు.

"రోజూ ఆ గుంటలోనే దిగుతున్నా కదే" అన్నాడు చివరికి. "కాలికి కట్ట తగిలినప్పుడల్లా వాడి భుజమే అనిపిస్తుంది. వాడు బతికాడు కదా, ఇంకేంటి అనుకునేవాణ్ణి. బతికినవాణ్ణి పిచ్చోణ్ణి చేశామన్నమాట."

"మనం కాదు. మోపులు ఈడ్చింది నేను."

"తెచ్చింది నేను. చెరో సగం పంచుకుందాం, లేకపోతే పెళ్ళెందుకు చేసుకున్నట్టు?" తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "వెయ్యి. మీ నాన్న చెప్పినట్టే, జరిగింది జరిగినట్టు వెయ్యి. జైల్లో వేస్తే వేశారు, అక్కడ ఈ కంపైనా ఉండదు."

ఆ నవ్వులాటలో భయం ఉందని దెర్నాకు తెలుసు. అయినా ఆ మాట అన్నందుకు అతని మీద ఆమెకు కొండంత ప్రేమ పొంగింది.

ఇరవై రోజులు పట్టింది పలకకు. ఎరుపు కుదరడానికే వారం తిన్నది. రేకు మీద మధ్యాహ్నపు ఎండ పడితే ఎరుపు ఎరుపులా ఉండదు, ముందు బానెట్టు మీద ఆకాశం కనబడాలి. కారును ఆమె ప్రేమగా వేసింది. పడిపోతున్నప్పుడు కూడా అది అందంగానే ఉంది, అది అబద్ధం కాదు. గుంటలో వాస్కోను వేసింది. నోర్మాకు మొహం వేసింది, ఆమె ముందే ఒప్పుకుంది. తన దగ్గరికి వచ్చేసరికి మాత్రం కుంచె మొరాయించింది. చివరికి మోపు మీద కూర్చున్న ఆడమనిషి వీపు వేసి ఊరుకుంది.

సెప్టెంబరు మొదటి వారంలో తల్లీ కొడుకూ వచ్చారు. వాస్కో పని మధ్యలోంచి లేచి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇనెస్ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

దెర్నా గుడ్డ తీసింది.

లేయార్కో పలక దగ్గరికి వంగాడు. అతని వేలు మలుపు వెంట నడిచి, ఒకచోట ఆగింది. వరసలో రెండు మోపుల మేర ఖాళీ. అక్కడి నుంచి చూపు గట్టు మీదికి, ఇద్దరు ఆడవాళ్ళ కింద ఉన్న రెండు మోపుల మీదికి వెళ్ళింది.

"ఇదేంటి?" అంది ఇనెస్.

"జరిగింది సిన్యోరా." దెర్నా గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "ఆ మోపు మీద కూర్చున్నది నేను. మీవాడు నీళ్ళలో ఉండగానే రెండూ ఈడ్చుకుపోయి మళ్ళీ అక్కడ పెట్టింది కూడా నేనే. ఫోటోలో ఉన్నవి అవే. మీవాడి కళ్ళకు ఏమీ కాలేదు. వాడు చూసింది నిజం. క్షమించమనడానికి కూడా నాకు నోరు రావడం లేదు."

లేయార్కో కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని దెర్నా అనుకుంది, చూస్తే నవ్వుతున్నాడు, మళ్ళీ చూస్తే రెండూ.

"ఖాళీ ఉంది" అన్నాడు. "ఖాళీ ఉందమ్మా! నేను చూశాను!" లేచి దెర్నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ మీద కోపం రావాలి, తర్వాత వస్తుందేమో. ఇప్పుడు మాత్రం... నా కళ్ళు నాకు తిరిగిచ్చారు మీరు. ఆ మాట దాచేసి ఉంటే నేనేం చేసేవాణ్ణి? చాలా థాంక్సండీ." అప్పుడు వాస్కో వైపు తిరిగాడు. "గుంటలో ఉన్నది మీరా?"

"కాలర్ పట్టుకున్నా. మంచి చొక్కా, చిరగలేదు."

"మీకు ఎలా చెప్పుకోవాలో..."

"నాకు చెప్పకు!" వాస్కో అరిచినంత పని చేశాడు. "మోపులు తెచ్చింది నేనయ్యా బాబూ! నువ్వు ఒడ్డున కదలకుండా పడున్నావు. చంపేశానురా వీణ్ణి అనుకున్నా. అంతలో దగ్గి, నీళ్ళు కక్కి, నన్ను అమ్మనాబూతులు తిట్టావు. అంత చక్కటి మాట నా జన్మలో వినలేదు." గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. "నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలీక ఇన్నాళ్ళూ లోపలే పెట్టుకున్నా. అందుకే నీకే పెడుతున్నా. నువ్వు బతికావు, అదే చాలు బాబూ. నువ్వు బతికావు."

అంతసేపూ ఇనెస్ పలకనే చూస్తోంది. "కమిటీ ముందు ఈ మాటే చెబుతారా?" అని అడిగింది.

"రేపు పొద్దున్నే" అన్నారు మొగుడూ పెళ్ళాం ఒక్కసారే.

ఆమె రుమాలు సంచీలో పెట్టేసింది. వాస్కో దగ్గరికి వెళ్ళి, బురదతో నల్లబడి జనుము కంపు కొడుతున్న ఆ చేతిని తీసుకుని ముద్దుపెట్టుకుంది. "నాలుగు నెలల నుంచి రోజూ మాత ఒక్కదానికే దణ్ణం పెట్టుకుంటున్నా" అంది. "ఇంకొకరు కూడా ఉన్నారని నాకు తెలీదు."

దెర్నాను మాత్రం పలకరించలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ ఆగి వెనక్కి చూసింది.

"ఆ మోపు మీద కూర్చున్నదానికి మొహం ఏది?"

"సిన్యోరా..."

"పండక్కి ఊరంతా చూసే గోడ అది. నువ్వు మాతకు వీపు చూపిస్తూ కూర్చుంటావా? తిప్పి వెయ్యి. నా కొడుకు బతికినచోట ఉన్నదానివి, నువ్వూ అందులో ఉండాల్సిందే. సరిగ్గా వెయ్యి, ఆ ముక్కూ మొహం గుర్తుపట్టేలాగా." గొంతు కాస్త తగ్గించింది. "ఏడవకు. రంగు పాడవుతుంది."

కారు వెళ్ళిపోయింది. దెర్నా వాస్కో గడ్డం గీసుకునే అద్దం తెచ్చి అతని చేతికిచ్చింది. అతను ఆమె ఎదురుగా నిలబడి, తల పక్కకు తిప్పుకుని, దాన్ని ఎత్తి పట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకుని ఆమె పలక మీది వీపు బొమ్మను గీకేసింది, సన్న కుంచె తీసుకుంది, అద్దంలోకి చూస్తూ మొదట కళ్ళు వేసింది.