జానెడు దూరం

ఎడమ రొమ్ము పైన, చర్మం కింద, నా గుండెను నడిపే మిషను పెట్టి నెల దాటింది. ఫోను దానికి కనీసం అరడుగు దూరంలో ఉండాలి, చొక్కా జేబులో పెట్టకూడదు, కుడి చెవి దగ్గరే పెట్టి మాట్లాడాలి అన్నారు డాక్టరు. ఆ అరడుగును మా ఆవిడ జానెడు చేసింది. బట్టల కొట్టువాడి పెళ్ళాం, కొసరు వేయడం అలవాటే. నా చొక్కాలన్నిటికీ జేబులు ఊడదీసింది.

"ఇంకోసారి ఫోను ఎడమవైపు కనిపించిందంటే కొట్టు నేను చూసుకుంటా. మీరు ఇంట్లో కూర్చోండి," అంది.

ఇరవై ఏళ్ళుగా ఫోను ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రెండు చేతులా గుడ్డ కొలిచి కత్తిరించినవాణ్ణి. కుడి భుజానికి మార్చి చూశాను. కత్తెర ఆడేది ఆ చేత్తోనే. రెండో ముక్కకే ఫోను జారిపడి గుడ్డ వంకర తెగింది. ఇప్పుడు దాంతో అద్దాలు తుడుస్తున్నాం.

ఇక బల్ల చివర పెట్టి స్పీకరు నొక్కడం మొదలుపెట్టాను. అసలు నష్టం అక్కడే వచ్చింది.

పొద్దున్నే టైలరు వచ్చాడు. మా ఆవిడ నాకు కాపలాగా కొట్లోనే ఉంది. పాత బేరం. బడిపిల్లల యూనిఫారాలకు నీలం గుడ్డ కావాలన్నాడు.

"నిన్ననే దిగింది తమ్ముడూ, చేత్తో పట్టుకు చూడు," అంటూ కొలుస్తున్నాను. ఫోను మోగింది. మిల్లు ఏజెంటు. నొక్కాను.

"పోయినేడు మిగిలిన నీలం తానులు కదిలాయా అన్నగారూ? ఉతికితే రంగు దిగుతుందని మాత్రం ఎవరితోనూ అనకండి," అన్నాడు, కొట్టంతా వినేలా.

టైలరు గుడ్డ మీంచి చెయ్యి తీశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. స్పీకరు తీసేసి, పాత అలవాటు కొద్దీ ఫోను ఎడమ భుజానికి ఇరికించాను. "నీ నోటికి..." అనేలోపే మోచేతి మీద మీటరు కర్ర పడింది. మా ఆవిడ.

"ప్రాణం కన్నా ఏజెంటు ఎక్కువా? తాళాలు ఇటివ్వండి."

ఫోను బల్ల చివరకు తోశాను.

"రంగు దిగితే పిల్లల తల్లులు నిన్ను తిట్టరన్నా, నన్ను తిడతారు," అన్నాడు టైలరు.

"దిగనిదే ఇస్తా."

"ఫోను మోగితే?" అంది ఆవిడ, తాళాల కోసం చాపిన చెయ్యి తీయకుండా.

వేరే తాను దింపి కొలిచాను. ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. ఏ బేరం పోతోందో. అయినా కత్తెర చివరిదాకా నడిపాను. ముక్క తిన్నగా తెగింది.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఒక జానెడు కొసరు వెయ్యన్నా," అన్నాడు టైలరు.

పళ్ళు కొరుక్కుంటూ వేశాను.