చక్రం తిరుగుతున్నంతసేపూ

మా షాపులను ఎత్తుకుపోయింది నీలం చొక్కాల వాళ్ళు కాదు పెద్దాయనా, మీరు. మీరూ, మీరు నెత్తిన పెట్టుకున్న మీ అల్లుడూ. ఈ మాట మీ గదిలో చెప్పనివ్వలేదు కాబట్టి రాసి, గుమ్మం దగ్గర నోటీసు బోర్డుకి అంటిస్తున్నాను. అందరూ చదువుకోనీ. సోకు మాటలు నాకు రావు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మీరు పెట్టిన మన కంపెనీ మందుల షాపులకు బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. అమ్మేది మేం. చేయించేది అల్లుడుగారు. కౌంటర్లో కూర్చుని మందు పేరు కొట్టగానే తెర మధ్యలో ఓ చిన్న చక్రం తిరగడం మొదలెడుతుంది. షాపులో సరుకు పెరిగేకొద్దీ అది తిరిగే సేపూ పెరుగుతుంది. దీన్ని బాగుచేయించండి మహాప్రభో అని కాళ్ళావేళ్ళా పడ్డాం. అల్లుడుగారు కుర్చీలో వెనక్కి వాలి, "అది ఆగిపోలేదయ్యా, ఆలోచిస్తోంది" అన్నారు.

కంపెనీ మొత్తానికి ఆలోచించేది ఆ చక్రం ఒక్కటే అన్నమాట.

బాగుచేయించడం మానేసి ఆయన మాకు శిక్షణ పెట్టారు. దేనికి? చక్రం తిరుగుతున్నప్పుడు చెప్పాల్సిన కబుర్లకు! "కస్టమర్ కళ్ళు తెర మీద ఉండకూడదు, మీ మొహం మీద ఉండాలి" అని పాఠం చెప్పారు. పిల్లల తల్లులూ తండ్రులూ, జంటలు జంటలుగా కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కబుర్లు వల్లె వేశాం. నా వంతుకు ఇంటి అద్దెలు వచ్చాయి. ఇంకొకడికి ట్రాఫిక్. అందరిలోకీ బాగా చెప్పేది మా అక్క. వయసులో పెద్దది, టీమంతటికీ అక్కే. ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాలేదో, ఎవరి పిల్ల ఏం చదువుతోందో ఆమెకు కంఠతా. ఆమెకు "కబుర్ల రాణి" అని ఓ కప్పు బహుమతిగా ఇచ్చారు అల్లుడుగారు. ప్లాస్టిక్‌ది.

అప్పుడు దిగారు నీలం చొక్కాలు, పోటీ కంపెనీ వాళ్ళు. వాళ్ళేమీ పుణ్యాత్ములు కాదు. షాపు ముందే కాపు కాసి, మేం బయటికి రాగానే లోపలికి దూరేవాళ్ళు. "ఆ కంపెనీ మూసేస్తున్నారట కదండీ" అని నోటికొచ్చిన అబద్ధం ఆడేవాళ్ళు. మొదటి ఏడాది ఊరికే వాడుకోమనేవాళ్ళు. మాకు ఒళ్ళు మండిపోయేది. కానీ వాళ్ళ తెర మీద చక్రం లేదు. ఆ దొంగమొహాల చేతిలో పనిచేసే సరుకుంది, మా చేతిలో మీ అల్లుడి సరుకుంది.

షాపులు ఒక్కొక్కటే జారిపోతుంటే అల్లుడుగారు కనిపెట్టింది ఒకటే: "మీ కబుర్లలో పస తగ్గింది."

ఆఖరికి ఆసుపత్రి ఎదురుగా ఉన్న పెద్ద షాపు దాకా వచ్చింది వ్యవహారం. అది అక్క తెచ్చిన షాపు. దాని ఓనరు ముసలాయన్ని ఆమె బాబాయ్ అని పిలుస్తుంది. "సాయంత్రం రద్దీలో మీరూ, ఆ నీలం చొక్కాల వాళ్ళూ రండి, చెరో కౌంటర్ తీసుకోండి. ఎవరి పని ఏంటో చూస్తా" అన్నాడాయన. అల్లుడుగారు అక్కను నిలబెట్టి మా అందరి ముందూ అన్నారు: "ఈ షాపు పోతే రేపట్నించి నువ్వు రానక్కర్లేదు." అక్క మొగుడు మంచం మీద ఉన్నాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. అది తెలిసే అన్నారు.

ఆ సాయంత్రం వాన. షాపు నిండా తడిసిన జనం, కారుతున్న గొడుగులు. కొత్త బూట్లకు బురద అంటుతుందని అల్లుడుగారు లోపలికి రాకుండా గుమ్మం మెట్టు మీదే నిలబడ్డారు. నేను అక్క పక్కన ఉన్నాను. అవతలి కౌంటర్లో నీలం చొక్కా అమ్మాయి నోరు విప్పలేదు. పేరు కొట్టడం, బిల్లు చింపి ఇవ్వడం, తర్వాతి మనిషిని చూడటం.

మా కౌంటర్‌కి ఒకావిడ వచ్చింది. భుజం మీద పిల్ల మూలుగుతోంది. చీటీ చూసి అక్క మందు పేరు కొట్టింది. చక్రం మొదలైంది. అక్క అలవాటుగా తల తిప్పింది.

"మోకాలి నొప్పి ఎలా ఉంది బాబాయ్?"

ముసలాయన నవ్వాడు. "చక్రం వచ్చిందా అమ్మాయ్?"

"అయ్యో, అదేం మాట బాబాయ్..."

"ఇన్నేళ్ళుగా చూస్తున్నా కదమ్మా. నా మోకాలి సంగతి అడిగావంటే అది తిరుగుతున్నట్టే. మనవరాలి చదువు దాకా వెళ్ళావంటే ఇంకాస్త టైం పడుతుందన్నమాట. ఎప్పుడైనా ఉత్తినే అడిగావా?"

 అక్క నిజంగానే అడిగేది పెద్దాయనా! ఆయన కోసం ఊలుతో మోకాలి పట్టీ అల్లి, ఆ రోజే సంచిలో పెట్టుకొచ్చింది. ఇక దాన్ని ఏ మొహంతో బయటికి తీస్తుంది?

"కబుర్లు తర్వాత చెప్పుకోండమ్మా. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది ఇక్కడ" అంది ఆవిడ.

చక్రం తిరుగుతూనే ఉంది. మెట్టు మీంచి అల్లుడుగారు చేత్తో సైగలు: మాట్లాడు, మాట్లాడు. అక్క మాట్లాడింది. చీటీ తిరిగి ఆవిడ చేతిలో పెట్టి, "ఆ కౌంటర్‌కి వెళ్ళమ్మా. అక్కడ త్వరగా అవుతుంది" అంది.

షాపు పోయింది. "మా జీతం తింటూ వాళ్ళ కౌంటర్ చూపిస్తావా?" అని నడివీధిలో అరిచారు అల్లుడుగారు.

"పిల్లకి జ్వరం సార్" అంది అక్క.

ఆయన అది కూడా కబురే అనుకున్నారు.

మర్నాడు అక్క కుర్చీ ఖాళీ. బల్ల మీద ఆ ప్లాస్టిక్ కప్పు వదిలేసి వెళ్ళింది. అల్లుడుగారు మీటింగ్ పెట్టి మాకు కొత్త కబుర్లు పంచారు. పక్కన కూర్చుని మీరు తల ఊపారు. నేను చూశాను.

ఇక వినండి. అక్కను వెనక్కి పిలవాలి. అందరి ముందూ అన్న మాటను మీ అల్లుడు అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. తర్వాత ఆయన మనకు మిగిలిన ఏదో ఒక షాపులో, సాయంత్రం రద్దీలో, కౌంటర్ వెనక కూర్చుని తన సాఫ్ట్‌వేర్‌తో తనే బిల్లులు వేయాలి. నోరు మూసుకుని. జనం తిట్టే తిట్లు చెవులారా వినాలి. చక్రం పోయేదాకా రోజూ వెళ్ళాలి. అప్పటిదాకా మాలో ఎవ్వరం ఒక్క కబురు కూడా చెప్పం. చేతులు కట్టుకుని, కస్టమర్‌తో పాటు మేమూ ఆ చక్రాన్నే చూస్తూ నిలబడతాం.

పిలవండి. ముందు అక్కను పిలవండి.